గుండీల నగలు

తెలుగునాట పెండ్లికుమారునకు లాల్చీ కుట్టునపుడు దర్జీ దాని ఱొమ్ముపట్టీకి గుండీలు కుట్టక, రెండు ప్రక్కల కాజాలు మాత్రమే తీసి విడిచిపెట్టుట ఒకనాటి ఆచారము. ఏలయన ఆ గుండీలను సమకూర్చుట కంసాలి పని గాని దర్జీ పని కాదు. మూడో నాలుగో బంగారు గుండీలు, వాని నొకదానితో నొకటి కలుపు సన్నని గొలుసు, కలిగినవారి యింట ఒక్కొక్క గుండీ నడుమ ఒక కెంపు, లేనివారి యింట వెండితోడనే తృప్తి, ఈ తీరున ఆ భూషణము తయారగుచుండెను. లాల్చీ చాకలికి పోవును. గొలుసుగుండీలు మాత్రము విప్పబడి, మరల వచ్చు శుభకార్యమువరకు భోషాణములో భద్రముగ నుండును. పురుషునకు విధింపబడిన కొలది నగలలో ఉంగరము తరువాత చెప్పదగినది ఇదియే.

దీనిని మొదటనే చెప్పుటకు కారణము కలదు. కావలిలో గాని మరి యే కోస్తా పట్టణములో గాని, వేసవి సెలవులలో ఆడపిల్లలు ఇంటనున్న పాత గుండీల డబ్బా బోర్లించి, రంగుల ననుసరించి ఏరి, దారమునకు గ్రుచ్చి మెడలో వేసికొనినపుడు, పెద్దలు దానిని ప్రొద్దుపోని పిల్లల యాటగా చూచి ఊరకుందురు. చిరిగిన చొక్కానుండి కోసి దాచిన గుండీలు, ట్రంకు రోడ్డు ప్రక్క మ్యాచింగ్ సెంటరులో డజను లెక్కన కొన్న గుండీలు, ఊడిపడిన దానికి జత దొరకక మిగిలిపోయిన కోటు గుండీలు, ఇవన్నియు వారి దృష్టిలో నగకు పనికివచ్చు ద్రవ్యములు కావు. నా యభిప్రాయ మిందుకు విరుద్ధము. గుండీ ముందు భూషణమై పుట్టి, పిదప వస్త్రమునకు సేవ చేయ నారంభించినది. అంతియ కాదు, అరచేతిలో పట్టు ఒక పిడికెడు గుండీలలో సముద్రము, గని, పాలకుండ, కొబ్బరితోట, పెట్రోలు శుద్ధికర్మాగారము అన్నియు తమతమ ప్రతినిధులను పంపియుండును. ఏ గుండీ దేనితో చేయబడినదో ఎఱిగి గ్రుచ్చిన నగ నిలుచును. ఎఱుగక గ్రుచ్చినది వారమునకే వీడును, మాయును, ఒక్కొక్కప్పుడు చర్మమునకు కీడు కూడ చేయును.

మొహెంజొదారో త్రవ్వకములలో శంఖజాతి చిప్పలనుండి కోసి, రేఖాకృతులు చెక్కి, రంధ్రములు తొలిచిన గుండీలు లభించినవి. అవి నేటికి నాలుగువేల యేండ్లకు పూర్వపువి. ఆనాటి వస్త్రములకు కాజాలు లేవు. కనుక ఆ గుండీలు రెండంచులను బిగించుటకు గాక, చూపులకు ఇంపు గూర్చుటకే కుట్టబడెనని పురాతత్త్వవేత్తల తలంపు. గుండీకి కాజా తోడై, రెండును కలసి వస్త్రమును దేహమునకు బిగువుగ పట్టి నిలుపుట ఐరోపాలో 13వ శతాబ్దమున గాని వ్యాపింపలేదు. అనగా గుండీ తన జీవితములో అధిక భాగమును నగగనే గడపినది.

నగగా దాని చరిత్ర అంతటితో ముగియలేదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికాలో కన్నెపిల్లలు చుట్టములను, చెలులను అడిగి, ఏ రెండును ఒక్క తీరుగ నుండని గుండీలను సేకరించి పొడవైన దారమునకు గ్రుచ్చుట వేడుకగ నుండెను. వేయవ గుండీని గ్రుచ్చు వేళకు వరుడు రాగలడని నమ్మిక. ఆ శతాబ్దమే ముగియుచుండగా లండను నగరమున అనాథాశ్రమమున పెరిగి వీధు లూడ్చుకొని బ్రతికిన హెన్రీ క్రాఫ్ట్ అను యువకుడు తన దుస్తులనిండ ముత్యపుచిప్ప గుండీలు కుట్టికొని, ఆ మెఱుపుతో జనమును చుట్టు గుమిగూర్చి, పేదలకు విరాళములు ప్రోగుచేసెను. ఆయన నెలకొల్పిన సంప్రదాయము నేటికిని ఆ నగరమున జీవించియున్నది.

మన యింటి ముంగిటనే దీనికి దృష్టాంతము లున్నవి. రాయలసీమలో సుగాలీలనియు, తెలంగాణమున లంబాడీలనియు పిలువబడు స్త్రీలు తమ రవికలపైనను పావడాలపైనను అద్దపుబిళ్ళలు, గవ్వలు, నాణెములతోబాటు తెల్లని చొక్కాగుండీలను బారులు తీర్చి కుట్టుదురు. చీకటి రంగు గుడ్డపై ఆ తెల్లని వలయముల వరుస ఎట్లు రాణించునో తండాలో ఒక్క పండుగదినము చూచినవారికి వివరింప నక్కరలేదు. గవ్వ దొరకనిచోట గుండీని కుట్టు ఆ చేతులు దానిని నకలుగ భావింపలేదు. తెలుపు, గుండ్రదనము, రంధ్రము, ఈ మూడు గుణములు ఉన్నవి గనుక నగకు పాత్రమైనదని నిర్ణయించినవి. అట్టి చేతులకు సరకు చేర్చినవారు పూసలవారు. గంపలో పూసలు, సూదులు, పిన్నీసులు, దువ్వెనలు, గుండీలు పెట్టుకొని ఊరూర తిరిగి, డబ్బునకు గాని, దువ్వగా రాలిన తలవెండ్రుకల చుట్టలకు గాని వానిని మార్చుకొనుచు వచ్చిన ఆ కులమువారి శ్రమ మన గ్రామముల అలంకారచరిత్రలో వ్రాయబడని అధ్యాయము.

ఇక ద్రవ్యవిచారమునకు వత్తము. గుండీలలో అగ్రగణ్యము ముత్యపుచిప్ప గుండీ. తాతలనాటి చొక్కానుండి కోసిన దొకటి దొరికినచో దానిని వెనుకకు త్రిప్పి చూడుడు. ముందువైపు నునుపుగ, పాలనురుగు తెలుపున మెఱయుచుండగా, వెనుకవైపు ఒక్క మూల గోధుమవన్నెయో పసుపో గల గరుకు పొర సన్నగ మిగిలియుండును. అది చిప్ప వెలుపలి తొక్క, ఆ జీవి సముద్రముతోనో నదితోనో ఒరసికొనిన పార్శ్వము. మందమును అంచున పరికించినచో ఒకప్రక్క కొంచెము హెచ్చు, ఒకప్రక్క కొంచెము తగ్గు. రెండు గుండీలు ఎన్నడును సరిగా ఒక్కటిగ నుండవు. అచ్చులో పోసిన ప్లాస్టిక్కున కీ వైషమ్యము రాదు. రంధ్రము వెనుకనో అంచుననో అచ్చు అతికిన సన్నని గీత మాత్రము కనబడును.

ఆ మెఱుపునకు మూల మేమి? చిప్ప లోపలిపొర బరువులో నూటికి సుమారు 95 వంతులు కాల్సియం కార్బనేటు, అనగా సున్నపురాయిలోని పదార్థమే. ఆరగొనైట్ అను స్ఫటికరూపమున నున్నది. సున్నపురాయి మెఱయదు, చిప్ప మెఱయును; భేదమంతయు అమరికలో నున్నది. మైక్రోనులో సగమునకు దగ్గరి మందము గల పలుకలు, నడుమ అత్యల్పమైన మాంసకృత్తుల పొర, మరల పలుకలు, మరల పొర, ఇట్లు తాళపత్రగ్రంథమునందలి ఆకులవలె వేలకొలది పొరలు ఒకదానిపై నొకటి పేరియుండును. మన కంటికి గోచరించు వెలుతురు తరంగదైర్ఘ్యము 0.4 మొదలు 0.7 మైక్రోనులవరకు, పలుక మందమును దానికి సమీపమే. కనుక పై పొరనుండి మరలిన కిరణమును, క్రింది పొరనుండి మరలిన కిరణమును కలసికొనినపుడు కొన్ని వన్నెలు పరస్పరము బలపడి, కొన్ని పరస్పరము హరించుకొనిపోవును. గుండీని వంచిన కొలది కిరణము నడచు దూరము మారును, వన్నెయు మారును. ఆ గులాబియు, ఆ లేతపచ్చయు రంగుపదార్థములు కావు.

అందులో నింకొక రహస్యమును స్కాట్లండు శాస్త్రజ్ఞుడు డేవిడ్ బ్రూస్టర్ 1814లో వెల్లడించెను. చిప్పను మెత్తని మైనముపై ఒత్తి తీసినపుడు, ఆ వన్నెలలో కొన్ని మైనమునకును సంక్రమించుట చూచి, పలుకల అంచులు చిప్ప ఉపరితలమున సన్నని గీతలవలె తెగి, ఆ గీతల ఒత్తుడే మైనముపై వన్నెలను చిమ్ముచున్నదని ఆయన గ్రహించెను. మన దేశమున ఈ విషయమును శ్రద్ధతో పరిశీలించినవాడు సర్ సి.వి. రామన్. విశాఖపట్టణమున సముద్రతీరమునందు బాల్యము గడపిన ఆ మహనీయుడు, నోబెల్ బహుమానము నందిన పిమ్మట, 1935లో, వన్నెలీను చిప్పలను గూర్చి వరుసగ పరిశోధనవ్యాసములు ప్రకటించెను. జగద్విఖ్యాతుడైన భౌతికశాస్త్రజ్ఞుడు గవ్వను, చిప్పను చేతబట్టుకొని ఆలోచించుటకు సంకోచింపలేదని మన విద్యార్థులు ఎఱుంగవలెను.

పలుకల నడుమనున్న మాంసకృత్తులే చిప్పకు దార్ఢ్యము నిచ్చునవి. శుద్ధమైన ఆరగొనైట్ స్ఫటికము పెళుసు. చిప్పలో పుట్టిన పగులు మాత్రము ప్రతి పొరయొద్దను దారి మళ్ళి, శక్తి కోల్పోయి ఆగిపోవును. కావుననే అంత పలుచని బిళ్ళకు రెండు, నాలుగు రంధ్రములు తొలిచినను అది విరుగదు. జర్మనీనుండి వలసపోయిన జాన్ బోపెల్ అనునతడు 1891లో అమెరికాలోని మస్కటీన్ పట్టణమున నదీగర్భపు చిప్పలనుండి గుండీలు కోయు పరిశ్రమ స్థాపించగా, 1905 నాటికి ఆ యొక్క యూరినుండి ఏటా 150 కోట్ల గుండీలు వెలువడుచుండెను. ఇంచుమించుగ ఆ కాలముననే మన బీహారులోని మెహసీ గ్రామమునను అదే వృత్తి పాదుకొనెను. నదులలోని చిప్పలు అట్టి వేగమునకు తాళజాలవు. ఆ అమెరికా నదులు ఎన్నడును మునుపటి సమృద్ధిని పొందలేదు. మన సముద్రములలోని ట్రోకస్ మొదలగు మెఱుపు చిప్పలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టమున చేర్చుట సమంజసమే. అందుచేత నగ చేయదలచినవారు పాత చొక్కా గుండీలను వెదకుటయే ఉచితము గాని క్రొత్త చిప్పను కోరుట తగదు.

కావలి వాసులు గర్వింపదగిన విషయ మొకటి యిచ్చట చెప్పవలసియున్నది. నెల్లూరు అభ్రకపు మండలమును భూగర్భవేత్తలు గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి అని నాలుగు భాగములుగ విభజించిరి. ఇక్కడి అభ్రకము ఆకుపచ్చ ఛాయ గలది. కలిచేడు, సైదాపురము గనులనుండి వెలువడి దేశదేశములకు ఎగుమతి యయ్యెను. అభ్రకపు పలకను గోటితో చీల్చిన కొలది చీలుచు, పలుచని రేకులై, ఒక్కొక్క రేకు అద్దమువలె వెలుగును మరల్చును. ఆ అభ్రకపు పొడి రేణువులకు టైటానియం డయాక్సైడ్ పూత అతి పలుచగ పట్టించినచో, ఆ పూత మందము ననుసరించి వెండిమెఱుపో, బంగారుమెఱుపో, నీలమో పుట్టునని 1960ల దశకమున కనుగొనబడెను. నేడు మనము ముత్యపు మెఱుపని మెచ్చు చవుక గుండీలలో పెక్కింటికి ఆ మెఱుపు నిచ్చునది ఇట్టి పొడియే. చిప్పలో ప్రాణి నిర్మించిన పొరలను, ఇచ్చట కొలిమియు రసాయనమును నిర్మించినవి; వెలుతురు పాటించు నియమము రెండింటను ఒక్కటియే.

అంతకు ముందు ఈ మెఱుపు చేపలనుండి వచ్చెను. 17వ శతాబ్దమున పారిసు నగరమున జపమాలలు చేయు జాకెన్ అనునతడు, నదిలోని చిన్న చేపల పొలుసులను నీట కడిగినపుడు అడుగున పేరుకొనిన వెండివన్నె పదార్థముతో గాజుపూసల లోపలిభాగమును పూసి కృత్రిమముత్యములు చేసెను. ఆ వెండి గ్వానిన్ అను పదార్థపు స్ఫటికములు. జీవుల వంశలక్షణములను వ్రాసియుంచు డీఎన్ఏలోని నాలుగక్షరములలో నిదియు నొకటి. కావలి చెంతనున్న తుమ్మలపెంట సముద్రపు టొడ్డున పడవ దిగిన వలను విదిలించునపుడు బెస్తవాని ముంజేతికి అంటుకొని, ఎండిన తరువాతను తళతళలాడు ఆ వెండిపొడి అదియే. పిదప కొంతకాలము సీసపు కార్బనేటు స్ఫటికములను గూడ గుండీలలో ముత్యపు మెఱుపునకై వాడిరి. సీసము విషము గనుక, వయసు తెలియని పాత నకిలీముత్యపు గుండీలను చిన్నబిడ్డలు నోట పెట్టుకొను నగలకు ఎంతమాత్రము వాడరాదు.

పాలతో గుండీలు చేసిరన్న వినువారికి వింతగ తోచును. 1897లో జర్మనీ దేశమున క్రిషె, స్పిటెలర్ అను నిరువురు, విరిగిన పాలలోని కేసీన్ అను మాంసకృత్తును ఫార్మాల్డిహైడ్ ద్రావణమున నానవేసి కొమ్మువలె గట్టియైన పదార్థమును సాధించిరి. రంగు చక్కగ పట్టును, మెఱుగు పెట్టినచో దంతమును బోలును. కనుక అర్ధశతాబ్దముపాటు గుండీలకును, పూసలకును దానికి మించినది లేకపోయెను. వేడిపాలలో నిమ్మరసము పిండి, విరిగిన ముద్దను గుడ్డలో వడియగట్టి, పిసికి, పూసగ చుట్టి, పుల్లతో రంధ్రము చేసి నీడన ఆరబెట్టినచో ఎవరింటనైనను దాని తమ్ముడు పుట్టును. ఫార్మాల్డిహైడ్ లేని యీ పూస మాత్రము గాలిలోని తేమను పీల్చును. కావలివంటి సముద్రతీరపు ఊళ్ళలో అది ఉబ్బి, వంగి, బూజు పట్టకుండుటకు వార్నిషు పూత తప్పదు. కొబ్బరిచిప్ప గుండీ దీనికంటె సులభము, దీనికంటె మన్నికయైనది. లిగ్నిన్ అధికముగ గల ఆ చిప్పను రంపముతో కోసి, గరుకు కాగితముతో రుద్ది, ఒక్క చుక్క కొబ్బరినూనెతో తోమినచో వచ్చు ముదురు గోధుమ వన్నెకు సాటివచ్చు ప్లాస్టిక్కును నేను చూడలేదు.

నేటి చొక్కా గుండీలలో పెద్దపాలు పాలియెస్టర్. ద్రవరూపమున నున్న రెసిన్‌లో మెఱుపుపొడి కలిపి, వేగముగ తిరుగు పీపాలో పోయుదురు. భ్రమణబలముచే ద్రవము పీపా గోడకు సమానమైన మందమున పరచుకొనును. మెఱుపు రేకులును ఆ గోడకు సమాంతరముగ పండుకొనును. పూర్తిగ గట్టిపడక పూర్వమే ఆ పలకను ఊడదీసి గుండ్రని బిళ్ళలుగ కత్తిరించి, వేడిచే గట్టిపరచి, చెక్కి, రంధ్రములు తొలిచి, తొట్టిలో దొర్లించి మెఱుగు పెట్టుదురు. రేకులన్నియు ముఖమునకు సమాంతరముగ నుండుటచేతనే గుండీ ముఖ మంతయు ఒక్కమారుగ వెలుగును. అంచువైపు చూచిన మెఱుపు లేదు. నగలో గుండీని అడ్డముగ నిలుపవలెనో, ముఖము చూపి పండబెట్టవలెనో ఈ యొక్క విషయమునుబట్టియే నిశ్చయించుకొనవచ్చును.

ఏది దేనితో చేసినదో తెలిసికొనుటకు ప్రయోగశాల యక్కరలేదు. గుండీని చెక్కిలికి ఆనించుడు: చిప్ప, గాజు, లోహము చల్లగ తోచును, ప్లాస్టిక్కును కొబ్బరిచిప్పయు తోపవు. గదిలో అన్నింటి వేడిమియు సమానమే; చిప్ప మన చర్మపు వేడిని త్వరితముగ గ్రహించుకొనిపోవుటచే ఆ చల్లదనము. చేతిలో ఎగురవేసినచో చిప్ప బరువు తెలియును, ఏలయన నీటికంటె చిప్ప సుమారు 2.7 రెట్లు సాంద్రమైనది, పాలియెస్టర్ ఇంచుమించు 1.2 రెట్లు మాత్రమే. నీట తేలు ప్లాస్టిక్ గుండీ పాలిప్రొపిలీనో పాలిథీనో కావచ్చును. అది జిగురు పట్టదు, దారముతో కట్టవలసినదే. కాల్చిన సూదితో గుచ్చి వాసన చూచు పరీక్ష నొకదానిని కొందరు చెప్పుదురు గాని, నే నొప్పుకొనను. పాత గుండీలలో సెల్యులాయిడ్ అను నైట్రోసెల్యులోజ్ జాతి కలదు. అది నిప్పు తగిలిన భగ్గున మండును.

ఇప్పుడు హారమును గ్రుచ్చుదము. గుండీల వ్యాపారమున వ్యాసమును కొలుచుటకు అంగుళమును 40 భాగములు చేసి ఒక్కొక్క భాగమును లైను అందురు. సామాన్యముగ చొక్కా గుండీ 18 లైనులు, అనగా 11.4 మిల్లీమీటర్లు. అంచునకు అంచు తాకునట్లు 40 గుండీలు పేర్చినచో సరిగా 18 అంగుళముల హారమగును. మెడచుట్టు కంఠమూలమునకు దిగుటకు అది చాలిన పొడవు. కాని అంచునకు అంచు పేర్చుటకంటె, ప్రతి గుండీ తన ముందుదానిని సగము కప్పునట్లు చేప పొలుసుల క్రమమున పేర్చుట శ్రేష్ఠము. అప్పుడు సుమారు 80 గుండీలు పట్టును. పాలియెస్టర్ గుండీలైనచో అన్నియు కలసి ఇంచుమించు 25 గ్రాములు, అనగా మూడు కాసుల యెత్తు. మెడ కది భారము కాదు.

పని ఇట్లు సాగవలెను. చాలినంత పొడవు గల మైనపు నూలుదారమును నడుమకు మడచి, రెండు కొనలకును సూదులు ఎక్కింపుడు. మొదటి గుండీ ఎడమ రంధ్రములో ఒక సూదిని క్రిందనుండి పైకి, కుడి రంధ్రములో రెండవ సూదిని క్రిందనుండి పైకి తీయుడు. రెండవ గుండీని మొదటిదానిపై సగమువరకు జరిపి, ఎడమ దారమును దాని కుడి రంధ్రములోనికి, కుడి దారమును దాని ఎడమ రంధ్రములోనికి దూర్చుడు. దారములు ప్రతి గుండీ వెనుకను అడ్డముగ ఒకదాని నొకటి దాటుచుండును. ఆ దాటుటలోనే కీలకము. ఒకే దారముతో గ్రుచ్చిన గుండీ ఆ దారమే ఇరుసుగ గిరగిర తిరుగును, నగ ధరించిన క్షణమునుండి కొన్ని ముఖమును, కొన్ని వీపును చూపుచుండును. రెండు దారములు రెండు వేఱు బిందువులలో పట్టినపుడు ఇరుసనునది లేకుండ పోవును, తిరుగుట కవకాశ ముండదు. మూడు గుండీలు పడునప్పటికి వ్రేళ్ళకు ఆ లయ పట్టుబడును. దారమును లాగినపుడు గుండీమీద గుండీ వాలి టక్కున కూర్చుండు సవ్వడి కూడ వినబడును. కొనకు వేఱుగ కొక్కెము కొన నక్కరలేదు. ఒకవైపు కొంచెము పెద్ద గుండీని కట్టి, రెండవవైపు దారమును ఉచ్చుగ మలచి దాని చుట్టు కాజాకుట్టు కుట్టినచో, కాజాలో గుండీ దూరి హారము బిగియును.

ముడిని గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు, ఏలయన నగలు తెగుట అరుదు, ముడి జారుటయే తఱచు. గుండ్రని దానిచుట్టు దారము చుట్టినపుడు దాని పట్టు చుట్ల సంఖ్యతో కూడికగ గాక హెచ్చవేతగ పెరుగునని గణితవేత్త ఆయిలర్ 18వ శతాబ్దమున నిరూపించెను. ఘర్షణ గుణకము 0.3 అయినచో ఒక చుట్టుతో ఆరున్నర రెట్లు, రెండు చుట్లతో 43 రెట్లు, మూడు చుట్లతో 285 రెట్ల బలమును దారము ఆపగలదు. పడవను గుంజకు నాలుగు చుట్లు చుట్టి ఒంటిచేత పట్టుకొని నిలిచిన బెస్తవాడు ఈ సూత్రమును చదువకయే అనుష్ఠించుచున్నాడు. నైలాను దారము నునుపైనది, ఘర్షణ తక్కువ, పైగా సాగి మరల కుంచించుకొనును. కనుక నూలునకు రెండు ముడులు చాలినచోట నైలానునకు నాలుగు వేసి, కొనను నిప్పుసెగకు కరగించి బొడిపె చేయవలెను. వలలు అల్లు దారము చవుకగ దొరకును గదాయని వాడువారు ఈ జాగ్రత్త మఱువరాదు.

గుండీ, దారము అనగానే పిల్లల మరియొక యాట జ్ఞప్తికి వచ్చును. పెద్ద గుండీ రెండు రంధ్రములలో దారము దూర్చి, కొనలు కట్టి, రెండు చేతుల నడుమ పురిపెట్టి లాగినచో అది జుమ్మను నాదముతో తిరుగును. మన దేశమున పుట్టి స్టాన్‌ఫర్డ్‌లో ఆచార్యుడైన మను ప్రకాశ్, ఆయన సహచరులు ఈ యాట యంత్రగణితమును శోధించి, గుండీకి బదులు కాగితపు బిళ్ళను అమర్చి, నిమిషమునకు 1,25,000 చుట్లు తిరుగు సాధనమును 2017లో ప్రకటించిరి. నెత్తుటిబొట్టును అందులో నుంచి ఒకటిన్నర నిమిషము త్రిప్పినచో ప్లాస్మా వేఱగును. విద్యుత్తు లేని పల్లెలో మలేరియా పరీక్షకు ఇది తోడ్పడును. దాని ఖరీదు అప్పటి లెక్కలో 20 అమెరికా సెంట్లు.

హారపు వంపును గూర్చియు ఆలోచింపవలెను. సమానమైన బరువు గల గుండీల హారము రెండు భుజములనుండి వ్రేలాడునపుడు ఏర్పడు వంపు పారబోలాకు దగ్గరయని గెలీలియో వ్రాసెను. అది వేఱొక వక్రరేఖ; దాని స్వరూపమును 1691లో హ్యూజెన్స్, లైబ్‌నిట్స్, యోహాన్ బెర్నూలీ మువ్వురును విడివిడిగ సాధించిరి. మెడకది మెత్తని అర్ధచంద్రముగ కనబడును. నడుమ ఒక బరువైన లోహపు కోటు గుండీని చేర్చిన తోడనే రెండు ప్రక్కలును నిట్రముగ సాగి వంపు కోణముగ మారును. గుండ్రని మెడ రవికకు మొదటిది, కోసుగ తీసిన మెడకు రెండవది ఒప్పును. నడుమనుండి ఇరువైపులకు క్రమముగ చిన్న గుండీలు పేర్చు మధ్యేమార్గమును కలదు. మచిలీపట్టణము ప్రక్క చిలకలపూడిలో గిల్టునగలు చేయు పనివారి హారములలోను పెద్ద బిళ్ళలు నడుమ, చిన్నవి మెడవైపు అమరుట గమనింపవచ్చును.

చెవికి దుద్దులు చేయువారు మిక్కిలి మెలకువతో నుండవలెను. గుండీ వెనుక అతికించు చవుక తీగలలోను, మెఱుపు పూతలలోను తఱచుగ నికెల్ ఉండును. చెమటలోని ఉప్పు నికెల్‌ను అణువణువుగ కరగించి చర్మములోనికి పంపును. కొందరి దేహము దానిని శత్రువుగ గుర్తించి, ఆ పిమ్మట జీవితాంతము మఱువక, నికెల్ తగిలిన ప్రతిసారియు దురదయు, ఎఱ్ఱదనమును, రసియు పుట్టించును. కావలివంటి చోట ఎండాకాలపు చెమటయు, ఉప్పుగాలియు ఈ పనికి రెండింతల తోడ్పాటు నిచ్చును. ఐరోపా దేశములు 1994లోనే ఒక శాసనముచే నగలనుండి వెలువడు నికెల్ వారమునకు చదరపు సెంటీమీటరు ఒక్కింటికి 0.5 మైక్రోగ్రాముకంటె మించరాదని కట్టుబాటు చేసినవి. మనము చేయవలసినది సులభమే: చెవిలో దూరు భాగమును వెండితో గాని, బంగారముతో గాని చేయించుకొని గుండీని దానికి దారముతోనో జిగురుతోనో చేర్చుట. పాత వెండి కమ్మల తీగ యొకటి ఇంట పడియున్నచో అదియే చాలును. జీన్సు గుండీల వంటి లోహపు గుండీల వీపునకు పారదర్శకమైన గోళ్ళరంగు పూయుట తాత్కాలికోపాయము. పూత అరిగినకొలది మరల పూయవలెను.

జిగురు ఎంపికలోను ద్రవ్యజ్ఞానము పనిచేయును. చిప్పకును, లోహమునకును, గాజునకును ఎపాక్సీ తగినది. పాలియెస్టర్‌కు కూడ అదియే. కొబ్బరిచిప్పకు కొయ్యపనివారి తెల్ల జిగురు చాలును. ఏ జిగురైనను నునుపు ముఖమున నిలువదు గనుక, అతుకు చోటును గరుకు కాగితముతో గీచి, సబ్బునీట కడిగి ఆరబెట్టిన పిదపనే పూయవలెను. చేతి నూనె ఒక్క మరక మిగిలినను అతుకు వీడును.

నగ మాసినపుడు శుభ్రపఱచుటలో పొరపడువారు పెక్కుమంది. ఇత్తడి పాత్రలు చింతపండుతో తళతళలాడునని, అదే పులుసుతో చిప్పగుండీలను తోమినచో ఆమ్లము కాల్సియం కార్బనేటును కరగించి, సన్నని బుడగలు లేచి, మెఱుపును మోయు పై పలుకలను తినివేయును. మరల ఎంత తోమినను ఆ మెఱుపు రాదు. నిమ్మకాయ, వెనిగారు కూడ అట్టివే. గోరువెచ్చని నీట ఒక్క చుక్క సబ్బు, మెత్తని గుడ్డ, వెంటనే తుడుపు, నీడను ఆరుట, ఇంతియే చిప్పగుండీలకు కావలసినది. కేసీన్ గుండీలను నీట నాననీయరాదు. పాలియెస్టర్ గుండీలకు ఈ నియమములేవియు లేవు. చొక్కాతోపాటు వేలమారులు ఉతుకునకు ఓర్చినవి గనుక హారముగ మారినను ఓర్చును, దారము మాత్రము ఏటేట మార్చవలెను.